తెలిసిన మాటతోనే తంటా

అమెరికా ప్రభుత్వం పాఠం మొదటిసారి చేతికొచ్చిన లెక్చరర్లంతా ఒకేచోట జంకుతారు. ఫిలిబస్టర్, జెర్రీమాండరింగ్, పాకెట్ వీటో లాంటి మాటలు తెలుగు మీడియం పిల్లలకు ఎక్కుతాయా అని. నా మాట నమ్మండి, వాటితో ఏ ఇబ్బందీ లేదు. ఎన్నడూ వినని మాటను విద్యార్థి శ్రద్ధగా వింటాడు, రాసుకుంటాడు, గుర్తుపెట్టుకుంటాడు. తంటా అంతా కాంగ్రెస్‌తో. గవర్నర్‌తో, స్పీకర్‌తో, విప్‌తో, జిల్లాతో, రాష్ట్రంతో. ఇవన్నీ వాడికి ముందే తెలుసు. తెలుసు కాబట్టే వినడు.

డిగ్రీ ఇంటర్నల్స్ దిద్దుతుంటే ఒక జవాబు తగిలింది. అమెరికాలో రిపబ్లికన్లు, డెమోక్రాట్లు అని రెండు పార్టీలున్నా చట్టాలు మాత్రం కాంగ్రెస్ పార్టీయే చేస్తుందని రాశాడు ఆ అబ్బాయి. స్టాఫ్ రూంలో అందరం నవ్వాం. కానీ వాడి వైపు నుంచి చూడండి. పుట్టినప్పటి నుంచి ఊరి గోడల మీద చెయ్యి గుర్తు చూస్తున్నాడు. పాఠ్యపుస్తకం ‘కాంగ్రెస్ ఆమోదం పొందాలి’ అని రాసి ముందుకు పోయింది. 435 మంది ప్రతినిధుల సభ, 100 మంది సెనేట్ కలిపితే దాని పేరు కాంగ్రెస్ అని ఆ వాక్యంలో ఎక్కడుంది? అందుకే నా క్లాసులో మొదటి గంట ఆ ఒక్క మాటకే. అది తేలేదాకా బోర్డు మీద ఇంకోటి రాయను.

పొద్దున జనగామలో గ్రూప్స్ బ్యాచ్, ఆ తర్వాత గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, డిగ్రీ క్లాసులు, ఆదివారం హన్మకొండలో బస్సు మారి పరకాల మీదుగా భూపాలపల్లి. గెస్ట్ ఫ్యాకల్టీ బతుకు ఇట్లాగే ఉంటుంది. గంటల లెక్కన జీతం, ఎండాకాలం సెలవుల్లో ఆ గంటలూ ఉండవు. నోటిఫికేషన్ పడితే రూంలో కూర్చోవడానికి చోటుండదు, ఆగిపోతే ముందు బెంచీ కూడా నిండదు. అయినా ఈ పని వదలబుద్ధి కాలేదు. పొలిటికల్ సైన్స్ చెప్పడానికి ఈ మూడు ఊర్లను మించిన లేబొరేటరీ లేదు. ఎందుకో మీకే తెలుస్తుంది.

నాకు ఈ పని నేర్పింది హన్మకొండలో చెప్పి రిటైరైన మా సార్. ఆయన నిర్వచనాలు డిక్టేట్ చేయించేవారు కాదు. పదం ఏదైనా మూడు ప్రశ్నలు వేయించేవారు. ఈ కుర్చీలో కూర్చోబెట్టేది ఎవరు? దింపేది ఎవరు? ఇతని మాట వినకపోతే ఏమవుతుంది? ఈ మూడింటికీ జవాబు రాని పదం మీకు రానట్టేనని ఆయన లెక్క. ఇన్నేళ్లలో ఈ పద్ధతికి నేను కలిపింది ఒక్కటే. ప్రతి ప్రశ్నా రెండుసార్లు అడుగుతాను, ఒకసారి మన దేశానికి, ఒకసారి అమెరికాకు. నోట్‌బుక్ పేజీని నిలువుగా మడిచి ఎడమ పక్క ఇక్కడ, కుడి పక్క అక్కడ అని రాయిస్తాను.

గవర్నర్‌తో మొదలుపెట్టండి. ఇక్కడ కూర్చోబెట్టేది రాష్ట్రపతి, దింపేదీ రాష్ట్రపతే. 155, 156 అధికరణలు క్లాసంతా ఒక్క గొంతుతో చెబుతుంది. కుడి పక్కకు రాగానే నిశ్శబ్దం. అక్కడ గవర్నర్‌ను ఎన్నుకునేది ఆ రాష్ట్ర ప్రజలు. అమెరికా అధ్యక్షుడు తనకు గిట్టని గవర్నర్‌ను తిట్టగలడు గానీ బదిలీ చేయలేడు, తీసేయలేడు. పనిని బట్టి చూస్తే అక్కడి గవర్నర్ మన గవర్నర్‌కు కాదు, మన ముఖ్యమంత్రికి దగ్గర.

లెఫ్టినెంట్ గవర్నర్ ఇంకా ప్రమాదం. హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారని 2025 నవంబరులో పేపర్లో వచ్చింది. మరుసటి రోజు జనగామ బ్యాచ్‌లో ఒకమ్మాయి, ‘‘ఆమెను ట్రంపే వేసిండా సార్?’’ అని అడిగింది. తప్పు పట్టడానికి లేదు. మనకు లెఫ్టినెంట్ గవర్నర్ అంటే ఢిల్లీ, పుదుచ్చేరి. కేంద్రం వేసిన మనిషి. అప్పట్లో మన గవర్నర్‌గా ఉన్న తమిళిసై 2021 నుంచి పుదుచ్చేరి బాధ్యత కూడా చూశారు కాబట్టి మా పిల్లలకు ఆ పదవి బాగానే ఎరుక. వర్జీనియాలో ఆ పదవికి జనం విడిగా ఓటేస్తారు. మేరీల్యాండ్‌లో 2023 నుంచి లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఉన్న అరుణా మిల్లర్ కూడా హైదరాబాద్‌లో పుట్టినామే, కానీ అక్కడి పద్ధతి వేరు. గవర్నర్ అభ్యర్థితో జోడీగా నిలబడాలి. ఒకే దేశంలో ఒకే పదవికి రెండు రాష్ట్రాల్లో రెండు దారులు. ఈ ఇద్దరి పేర్లు బోర్డు మీద రాసి మూడు ప్రశ్నలు వేయండి, మీరు చెప్పాల్సింది సగం వాళ్లే చెప్తారు.

సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర ఎక్కువసేపు ఆగకండి. పిల్లల మనసులో సెక్రటరీ అంటే పంచాయతీ సెక్రటరీ, లేదా సచివాలయంలో ఐఏఎస్. విదేశాంగ మంత్రి అని రాయించి ఒక్క తేడా చెప్పండి. మన దగ్గర మంత్రి అయ్యాక ఆరు నెలల్లో సభలో సభ్యుడు కావాలి, అక్కడ మంత్రి కావాలంటే సభ్యత్వం వదులుకోవాలి. మార్కో రూబియో ఆ పదవికి వెళ్తూ 2025 జనవరిలో సెనేట్‌కు రాజీనామా చేశాడు. అధికార పృథక్కరణ అన్న నోరు తిరగని మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

స్పీకర్ పాఠం మాత్రం భూపాలపల్లిలోనే చెప్పాలి. తెలంగాణ శాసనసభ మొదటి స్పీకర్ సిరికొండ మధుసూదనాచారి 2014లో గెలిచింది అక్కడి నుంచే. కాబట్టి ఆ ఊర్లో స్పీకర్ అంటే ఏమిటని అడిగితే టీ కొట్టు దగ్గర కూడా జవాబు వస్తుంది. సభను నడిపే మనిషి, పార్టీకి అతీతంగా ఉండాల్సిన మనిషి. ఇప్పుడు పేజీ కుడి పక్కకు రండి. అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ తన పార్టీకి సభలో నాయకుడే. ఏ బిల్లు ముందుకు రావాలో చూసేది, ఓట్లు కూడగట్టేది ఆయనే. కెవిన్ మెకార్తీ 2023 జనవరిలో పదిహేనో విడత ఓటింగ్‌లో గెలిచి, అక్టోబరు 3న సొంత పార్టీలోని కొందరి ఓట్లతోనే పదవి పోగొట్టుకున్నాడు. సభ ఓటుతో స్పీకర్ దిగిపోవడం అక్కడ అదే మొదటిసారి. ఈ కథ చెప్పగానే భూపాలపల్లి వెనక బెంచీ నుంచి ప్రశ్న వచ్చింది, ‘‘సొంత పార్టోళ్లే ఓటేస్తే వాళ్ల సభ్యత్వం పోలేదా సార్? విప్ లేదా?’’

ఆ ప్రశ్న కోసమే నేను ఎదురుచూస్తా. విప్ ఉంది. ధిక్కరిస్తే సీటు పోయేది మాత్రం మన దగ్గర, 1985లో 52వ సవరణతో పదో షెడ్యూల్ వచ్చినప్పటి నుంచి. పార్టీ మారారంటూ స్టేషన్ ఘన్‌పూర్, భద్రాచలం ఎమ్మెల్యేలు సహా పదిమంది మీద పడ్డ అనర్హత పిటిషన్లను స్పీకర్ మూడు నెలల్లో తేల్చాలని 2025 జులై 31న సుప్రీంకోర్టు చెప్పింది. అందులో మొదటిది జనగామ జిల్లాలోది, రెండోది మానుకోట పార్లమెంటు పరిధిలోది. అంటే పిల్లలకు ఈ వ్యవహారం కొట్టినపిండి. అమెరికాలో విప్ అంటే లెక్కలు చూసి, బతిమాలి, బెదిరించి ఓటేయించే సభ్యుడు. అంతే. జాన్ మెకెయిన్ 2017 జులైలో అర్ధరాత్రి దాటాక సెనేట్‌లో బొటనవేలు కిందికి చూపి సొంత పార్టీ ఆరోగ్య బిల్లును పడగొట్టాడు. మరునాడు కూడా సెనేటరే. మూడో ప్రశ్న, మాట వినకపోతే ఏమవుతుందన్నది, ఈ ఒక్క మాట దగ్గరే తన విలువ చూపిస్తుంది.

ఇక జిల్లా. జనగామ వాళ్ల ముందు ఈ మాట జాగ్రత్తగా వాడాలి. 2016 ఆగస్టులో వచ్చిన ముసాయిదాలో జనగామ పేరు లేదు. ఊరంతా రోడ్డెక్కింది. చివరికి అక్టోబరు 11న కొత్త జిల్లాల జాబితాలో చేరింది. నా విద్యార్థుల్లో కొందరి తండ్రులు, అన్నలు ఆ ధర్నాల్లో కూర్చున్నవాళ్లే. వాళ్లకు జిల్లా అంటే కలెక్టరేట్, ఎస్పీ ఆఫీసు, మండలాల జాబితా. అమెరికా పుస్తకంలో ‘డిస్ట్రిక్ట్’ కనబడితే అదే బొమ్మ మెదులుతుంది. అక్కడ కాంగ్రెషనల్ డిస్ట్రిక్ట్ అంటే కలెక్టర్ ఉండడు, కార్యాలయం ఉండదు. ఒక ప్రతినిధిని ఎన్నుకునే నియోజకవర్గం, అంతే. దేశమంతా 435.

అది తేలాక మ్యాప్ పని మొదలవుతుంది. గీయడం మొదలుపెట్టేదాకా పిల్లలకు తమ నియోజకవర్గం ఆకారం తెలియదు. జనగామ జిల్లాలో మూడు అసెంబ్లీ స్థానాలు. జనగామ భువనగిరి పార్లమెంటులోకి పోతుంది, పాలకుర్తి, స్టేషన్ ఘన్‌పూర్ వరంగల్‌లోకి. ఒకే కలెక్టర్, ఇద్దరు ఎంపీలు. మహబూబాబాద్ పార్లమెంటు స్థానం ఇంకా చిత్రం. డోర్నకల్, మహబూబాబాద్, నర్సంపేట, ములుగు, ఇల్లెందు, పినపాక, భద్రాచలం. ఏడింట్లో నర్సంపేట తప్ప ఆరూ ఎస్టీ రిజర్వుడే. బోర్డు మీద గీస్తే గోదావరి దాటి సాగిపోతుంది. అప్పుడు ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, ఇది కూడా జెర్రీమాండరింగేనా అని.

మ్యాప్ వంకరగా ఉన్నంత మాత్రాన ఆ పేరు పెట్టొద్దు. గీసిందెవరో అడగండి. ఇక్కడ గీసింది జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన డీలిమిటేషన్ కమిషన్, ఉత్తర్వు 2008లో అమల్లోకి వచ్చింది. గెలవబోయే పార్టీ చేతిలో పెన్సిల్ లేదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో గీసేది రాష్ట్ర చట్టసభే, అంటే అక్కడ బలమున్న పార్టీ. 1812లో మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ గెరీ సంతకం పెట్టిన మ్యాప్‌లో ఒక నియోజకవర్గం సాలమాండర్ అనే బల్లిలాంటి ప్రాణిలా ఉందని బోస్టన్ పత్రిక బొమ్మ వేసింది. పేరు అట్లా పుట్టింది. అది పాత కథ అనుకోకండి. పార్టీ లాభానికి గీసిన గీతల మీద ఫెడరల్ కోర్టులు తీర్పు చెప్పలేవని 2019లో రూషో కేసులో అక్కడి సుప్రీంకోర్టు తేల్చేసింది. 2025 ఆగస్టులో టెక్సాస్ జనగణన కోసం ఆగకుండానే కొత్త మ్యాప్ గీసుకుంది. జవాబుగా నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు తమ మ్యాప్ మార్పుకు సరేనన్నారు. నియోజకవర్గాల పునర్విభజన గురించి దక్షిణాదిలో ఇంత చర్చ జరుగుతున్నప్పుడు ఈ పాఠాన్ని అరగంటలో ముగించేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ‘రాష్ట్రం’ అన్న మాటకు. ఈ పాఠం ఎట్లా చెప్పాలో నాకు మానుకోటలో ఒక విద్యార్థిని నేర్పింది. కురవి వైపు తండా పిల్ల, ఇంట్లో లంబాడీ, కాలేజీలో తెలుగు, పుస్తకంలో గ్రాంథికం. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలు వేరే గ్రామపంచాయతీలైన సంగతి చెబుతున్నా. లేచి నిలబడి, ‘‘మా తండాను పంచాయతీ చేసింది రాష్ట్రం. మరి అమెరికాల రాష్ట్రాన్ని చేసింది ఎవరు సార్?’’ అంది.

ఫెడరలిజం మొత్తం ఆ ప్రశ్నలో ఉంది. మన దగ్గర కేంద్రం పార్లమెంటులో రాష్ట్రాన్ని చేస్తుంది, రాష్ట్రం చట్టంతో పంచాయతీని చేస్తుంది. అమెరికాలో మొదటి పదమూడు రాష్ట్రాలే ముందు. అవే కలిసి కేంద్రాన్ని చేశాయి. అందుకే 1791లో వచ్చిన పదో సవరణ, కేంద్రానికి ఇవ్వని అధికారాలు రాష్ట్రాలవీ, ప్రజలవీ అంటుంది. మన 248వ అధికరణ అవశిష్టాధికారాలను పార్లమెంటుకు ఇచ్చింది. గ్రూప్స్ పేపర్లో ఈ తేడా స్టేట్‌మెంట్ ప్రశ్నగా ఎన్ని రూపాల్లో వచ్చినా, ఎవరు ఎవరిని చేశారో తెలిసినవాడు తప్పడు.

ఇప్పుడు క్లాసును కుదిపే ప్రశ్న వేయాలి. అమెరికా రూలు మనకుంటే తెలంగాణ వచ్చేదా? వాళ్ల రాజ్యాంగం నాలుగో అధికరణ ప్రకారం ఒక రాష్ట్రాన్ని విడదీయాలంటే ఆ రాష్ట్ర చట్టసభ ఒప్పుకోవాలి. మన మూడో అధికరణలో రాష్ట్ర శాసనసభను అభిప్రాయం అడిగితే చాలు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ అదే బిల్లును ఆమోదించాయి. జూన్ 2న రాష్ట్రం వచ్చింది. అక్కడి రూలే ఇక్కడ ఉంటే జనవరి 30తోనే కథ ముగిసేది. వాళ్లకూ వెస్ట్ వర్జీనియా ఉంది కదా అని ఎవరైనా చదువుకున్నవాడు అడుగుతాడు. 1863లో అంతర్యుద్ధం మధ్యలో, యూనియన్ పక్షాన నిలబడ్డ వర్జీనియా ప్రభుత్వం ఒకటి ఉంటే దాని సమ్మతి తీసుకుని ఆ పని చేశారు. కాగితం మీదైనా సమ్మతి కావాల్సి వచ్చింది.

ఈ పాఠం తర్వాత మానుకోట క్లాసులో కాసేపు ఎవరూ బెంచీ దిగలేదు. బలమైన కేంద్రం మంచిదా చెడ్డదా అని వాదించుకున్నారు. కేంద్రం బలంగా ఉండబట్టే మన రాష్ట్రం వచ్చిందని ఒకరు, అదే బలంతో రేపు మనల్నీ ముక్కలు చేయొచ్చని ఇంకొకరు. బెల్ కొట్టినా ఆగలేదు. ప్రశ్న అడిగిన అమ్మాయి తర్వాత ఎంఏ పొలిటికల్ సైన్స్‌లో చేరింది. ఈ పనిలో నాకు దొరికిన మొదటి గెలుపు అదే అనుకుంటాను.

వార్తల్లో మాటలు వచ్చినప్పుడు ఆలస్యం చేయకండి. 2025 అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా అమెరికా ప్రభుత్వం షట్‌డౌన్‌లో ఉంది. భూపాలపల్లి దగ్గర చెల్పూరు థర్మల్ విద్యుత్ కేంద్రం పక్కన పెరిగిన పిల్లలకు షట్‌డౌన్ అంటే యూనిట్ రిపేరుకు ఆపడం. మిగతావాళ్లకు ప్రభుత్వం పడిపోవడం. రెండూ కాదు. డబ్బు ఖర్చుకు కాంగ్రెస్ అనుమతి లేక చాలా కార్యాలయాలు ఆగాయి, అధ్యక్షుడు మాత్రం కుర్చీలోనే ఉన్నాడు. మన దగ్గర లోక్‌సభలో బడ్జెట్ ఓడితే ప్రభుత్వమే దిగిపోవాలి. ఇక్కడే అంబేద్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగసభలో చెప్పింది తీసుకురండి. అమెరికా పద్ధతిలో స్థిరత్వం ఎక్కువ, జవాబుదారీతనం తక్కువ, బ్రిటిష్ పద్ధతిలో అది తలకిందులు, మనం జవాబుదారీతనాన్ని ఎంచుకున్నాం అన్నది ఆయన వాదన. కొలంబియాలో చదివొచ్చిన మనిషి తెలిసి చేసిన ఎంపిక.

అట్లాగే ఎగ్జిక్యూటివ్ ఆర్డర్. అది మన ఆర్డినెన్స్ అని చాలా మెటీరియల్స్‌లో అచ్చేశారు, కొట్టేయండి. 123వ అధికరణ కింద వచ్చే ఆర్డినెన్స్‌కు చట్టమంత బలం ఉంది, పార్లమెంటు మళ్లీ కూర్చున్నాక ఆరు వారాల్లో ఆమోదం రాకపోతే పోతుంది. ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ కొత్త చట్టం కాదు. ఉన్న చట్టం లోపలో, రాజ్యాంగం లోపలో నిలబడాలి. అమెరికాలో పుట్టిన పిల్లలకు పౌరసత్వం మీద 2025 జనవరి 20న ట్రంప్ సంతకం చేసిన ఆర్డర్‌ను మూడో రోజునే సియాటెల్‌లో ఫెడరల్ జడ్జి ఆపాడు, 1868 నాటి పద్నాలుగో సవరణ చూపించి. ఆ వారం నాకు విద్యార్థుల నుంచి కాదు, డల్లాస్‌లో కోడలు కడుపుతో ఉన్న తల్లిదండ్రుల నుంచి ఫోన్లు వచ్చాయి. పాలిటీ సార్‌కు ఇంతకుముందు ఎన్నడూ దక్కని మర్యాద అది.

ఫిలిబస్టర్ గురించి భయం వద్దన్నాను కదా, దాని పద్ధతి కూడా చెప్తా. బాగా మాట్లాడే ఒకడిని లేపి, కూర్చోకుండా, ఆగకుండా మాట్లాడమనండి. పది నిమిషాలకు గొంతు పోతుంది. అప్పుడు చెప్పండి, 1957లో స్ట్రామ్ థర్మండ్ సెనేట్‌లో పౌరహక్కుల బిల్లును అడ్డుకోవడానికి 24 గంటల 18 నిమిషాలు మాట్లాడాడని. ఇప్పుడు అంత కష్టం లేదని, చర్చ ముగించడానికి 60 ఓట్లు లేకపోతే చాలావరకు బిల్లులు మాట్లాడకుండానే ఆగుతాయని. ఆ తర్వాత జీవితంలో మర్చిపోరు. జవాబుపత్రంలో ఆ మాటను ఫిలిబస్టర్ అనే రాయించండి, లేని తెలుగు పుట్టించకండి. న్యాయసమీక్ష, అభిశంసన, అధికార పృథక్కరణ లాంటివి తెలుగు అకాడమీ పుస్తకాల్లో స్థిరపడ్డాయి, వాటిని తెలుగులోనే ఉంచండి. అభిశంసనకు మాత్రం అవిశ్వాసం అని ఎవరైనా రాస్తే ఎర్రపెన్ను తీయండి. ఎంపీపీ మీద అవిశ్వాసానికి ఏ నేరమూ చూపక్కర్లేదు, సంఖ్య ఉంటే చాలు. అభిశంసనకు ఆరోపణ కావాలి, విచారణ కావాలి, సెనేట్‌లో మూడింట రెండొంతుల ఓటు కావాలి. అందుకే ఆండ్రూ జాన్సన్, క్లింటన్, రెండుసార్లు ట్రంప్, ఎవరూ ఆ దారిలో పదవి పోగొట్టుకోలేదు.

కొత్తగా ఈ పాఠం చెప్పబోయేవాళ్లకు నాది ఒక్కటే విన్నపం. పాత సీనియర్ దగ్గర జిరాక్స్ తీసిన మెటీరియల్‌తో క్లాసుకు పోకండి. అమెరికా మూల రాజ్యాంగం నాలుగు పెద్ద తోలుకాగితాల మీద పట్టింది, ఏడు అధికరణలు, తర్వాత కలిసిన సవరణలు ఇరవై ఏడు. ఒక మధ్యాహ్నం కూర్చుంటే పూర్తవుతుంది. ముందు అది చదవండి, మన మూడో అధికరణ పక్కన పెట్టుకుని. గైడు ఆ తర్వాత.